వెనక బెంచి కాడ లేచినామె

"అవ్వా, వచ్చే ఆదివారం గుడిల నా పెండ్లి ప్రకటన చదువుతరు గదా. ఎవర్ని చూసినా కరుణత్త సంగతే తీస్తున్నరు. అప్పుడు అసలేమైందో చెప్పరాదు."

ఎవరే తీస్తున్నది? మీ చిన్నతాత దావీదు గానీ తీసిండా? తియ్యడు. తీస్తె ముందుగాల ఆయన ముచ్చటే బయటికొస్తది. కూచో. ఆ చిక్కుడుకాయలు ఇటు జరుపు, ఈనెలు తీసుకుంటనే చెప్త.

కరుణ నా చెల్లె బిడ్డ. నా చెల్లె సచ్చిపోయినప్పుడు ఆ పిల్లకు పాలపండ్లు గూడ ఊడలే. మీ నాయిన, అది ఒక్క కంచంల తిన్నరు. పెద్దగైనంక చేవెళ్లల బట్టల దుకాన్ల పనికి కుదిరింది. పొద్దున పోతుండె, పొద్దూకినంక ఆటోల వస్తుండె. మా కాలంల చేవెళ్లకు నడుసుడే. బస్సుకు బారానా అడిగితె మా బాపు మొకం చూడాలె నువ్వు. సరే, అది ఇడిసిపెట్టు.

గా ప్రభాకర్ అనేటోన్ని తెచ్చింది మీ చిన్నతాతే. మొయినాబాద్ దిక్కు ఏదో ఫామ్‌హౌసుల సూపర్‌వైజర్ అన్నరు. తెల్ల అంగి, ఇస్త్రీ మడత పోకుంట. చంకల బైబిలు, దానికి జిప్పు సంచి. ఆ జిప్పు తీయంగ నేనైతె ఎన్నడు చూడలే. పాట అందుకుంటె మాత్రం గుడి కప్పు అదరాలె. మీ చిన్నతాత మురిసిపోయిండు. సంఘ పెద్ద గదా, మంచోడెవరో ఆయనకు మొకం చూస్తెనే తెలుస్తదట. "వదినా, భక్తి ఉన్న పిలగాడు, ఆలోచన చెయ్యకు" అన్నడు. భక్తి సరే, ఊరేది అన్న. షాబాద్ అవతల అన్నడు. అవతల అంటె ఏడ? అమ్మ లేదు, నాయిన లేడు, ఆడ ఎవ్వరు లేరు అన్నడు. ఎవ్వరు లేని ఊరుంటదానే?

నా పెండ్లప్పుడు మా బాపు ఏం చేసిండో ఎరుకేనా? మేకలు కొననీకి వచ్చిన్నని చెప్పి మీ తాత ఊరికి పోయిండు. ఒక పూటంత ఆడ కూచున్నడు. మేకల ముచ్చట పెట్టుకుంట పెట్టుకుంట ఇంటింట మీ తాత సంగతి అడిగిండు. వచ్చి మా అమ్మతోటి చెప్పిండు, బీడీ తాగుతడు, కోపం ముక్కు మీదుంటది, ఆడమనిషి మీద చెయ్యి లేపడు అని. మూడూ నిజమే అయినయి. బీడీ సచ్చేదాక ఇడవలే, చెయ్యి ఎన్నడు లేపలే. ఇప్పుడు గా పని ఎవరు చేస్తున్నరు? ఫోన్ల ఫొటో చూసుడు, ఫంక్షన్ హాలు బుక్ చేసుడు.

ఇగ ప్రకటన. నీకు ఎరుకే గదా, పెండ్లికి ముందు మూడు ఆదివారాలు పాస్టరు అయ్యగారు ఇద్దరి పేర్లు చదివి, ఎవరికన్న అభ్యంతరం ఉంటె చెప్పుమంటడు. అది పిల్ల గుడిల చదవాలె, పిలగాని గుడిల గూడ చదవాలె. రివాజు ఎందుకు పెట్టిండ్రు మరి? పిలగాడు ఎసొంటోడో వాని ఊరోళ్లకే గదా ఎరుక. నేను అదే అడిగిన. మీ చిన్నతాత తెలివి చూడు, "ఆయన మన సంఘంల కలిసిండు గదా వదినా, ఇద్దరిది ఒక్క గుడే, మన కాడ చదివితె రెండు కాడ చదివినట్టే" అన్నడు. వాన్ని ఎరిగినోడు ఒక్కడు లేని గుడిల చదివి, ఎవ్వరు ఏమనలేదని సంబురపడ్డరు. గంత పెద్ద తెలివి మా ఊర్లనే దొరుకుతది.

ఎవ్వరు ఏమనలే అంటె అదీ అబద్ధమే. మూడో ఆదివారం నేను లేను, కంటికి ఆపరేషన్ అయి పట్నంల దవాఖానల ఉన్న. అయ్యగారు పేర్లు చదువంగనే వెనక తలుపు కాడి బెంచి నుంచి ఒకామె లేచిందట. పచ్చ చీర, కొత్త మొకం. నోరు తెరిచిందో లేదో, మీ చిన్నతాత ఆమె సాక్ష్యం చెప్పనీకి లేచిందనుకున్నడు. దేవుడు మేలు చేసిండని లేచి చెప్తరు గదా, గట్ల. "సాక్ష్యాలు వాక్యమైనంకమ్మా, ఇప్పుడు కూచో" అని చెయ్యి ఊపిండు. పక్కనున్న ఆడోళ్లు కొంగు పట్టి గుంజి కూచోబెట్టిండ్రు. ఇగ మన అయ్యగారి వాక్యం సంగతి నీకు తెలుసు, మొదలైతె పొయ్యి మీది కూర మాడుడే. అది అయిపోయేసరికి ఆమె లేదు. బస్సుకు పోయిందనుకున్నరు. ఎవరమ్మా, ఏ ఊరమ్మా అని ఒక్కలు అడగలే.

పెండ్లయింది. చేవెళ్లల కిరాయికి ఉన్నరు. మొదాట్ల నెలకొకసారి వచ్చింది, తర్వాత పండుగకు వచ్చింది, తర్వాత అదీ లేదు. దుకాణం మాన్పిచ్చిండు. ఫోన్ చేస్తె వాడే ఎత్తుతడు, "పండుకున్నది పెద్దమ్మా" అంటడు. మిట్ట మధ్యాహ్నం పండుకునే పిల్ల కాదది.

ఒకనాడు పొద్దుగాలనే వచ్చి మన అరుగు మీద కూలబడ్డడు. కరుణ ఇంట్ల లేదు, ఎవనితోటో పోయింది అని తల కొట్టుకున్నడు. అట్నుంచి అటే ఠాణాల కంప్లైంట్ ఇచ్చిండు. బతికున్నదో లేదో, ఏ బాయిల చూడాలెనో అని ఏడ్చిన. ఊరోళ్లు ఏం చేసిండ్రు? పిల్ల జాకెట్టు సంగతి, పిల్ల ఫోను సంగతి, దుకాణంల ఎవరితోటి నవ్వింది, అవి చెప్పుకున్నరు. పెండ్లిల పప్పుచారు నాలుగుసార్లు పోయించుకున్నోళ్లే, ఆ పిల్ల నడక ముందునుంచే మంచిది కాదన్నరు. ఠాణాకు పోతె ఆ సారు గూడ అదే, "పిల్ల చాల్‌చలన్ ఎట్లుంటుండె" అని. ఎంతసేపు పిల్లదే అడుగుతున్నరు, వానిది అడగరేంది సారు అన్న. "ఆయన కంప్లైంట్ ఇచ్చినాయన గదమ్మా" అన్నడు. కంప్లైంట్ ఇస్తె మంచోడైపోతడా?

ఆ ఆదివారం వాడు గుడిల లేచిండు. మీ చిన్నతాత వాన్ని కూచో అన్నడా? అనలే. ఉరికిపోయి మైకు చేతిల పెట్టిండు. వాడు ఏడ్చుకుంట ఏడ్చుకుంట నా భార్యను క్షమించిన అన్నడు. గుడంత కండ్లు తుడుసుకున్నది. నాకు ఒళ్లు మండింది. క్షమించేటోడు పిల్లను ఊరూరు దేవులాడాలె గదా? నేను ఠాణాకు తిరుగుతుంటె వాడు ఒక్కనాడు తోడు రాలే.

మర్నాడు సంచిల రెండు రొట్టెలు పెట్టుకోని బయలుదేరిన. షాబాద్ పోయి, ఆడికెల్లి ఆటో పట్టుకోని వాని ఊరు అడుక్కుంట పోయిన. ఏం పని మీద వచ్చినవు అవ్వా అంటె, మేక పిల్లలు కొననీకి అన్న. మా బాపు యాదికొచ్చిండు. ఒక ముసలామె గడ్డి ఏసుకుంట ఉండె. మేకల ధర అడిగిన, గింత పిల్లకు గంతనా అని జర కొట్లాడిన గూడ. మెల్లగ ప్రభాకర్ పేరు తీసిన. ఆమె గడ్డి కింద పడేసింది. "ఆ పాట పాడేటోడా? పెండ్లం ఎవనితోటో పోయిందని ఊరంత ఏడ్చి పోయిండు గదా" అన్నది. అరె, గప్పుడే ఈడిదాక తెలిసిందా అన్న. "తెలుసుడేంది అవ్వా, అప్పట్ల మా కండ్ల ముంగటనే గదా. సుశీల అని, మంచి పిల్ల. దెబ్బలకు తాళలేక తల్లిగారింటికి పోయింది. చిల్కూరు దిక్కు పూలతోటల కూలి చేసుకుంటున్నది" అన్నది.

అదే ఏడుపు, అవే మాటలు. పెండ్లం మారింది గంతే.

చిల్కూరు దిక్కు పోయి ఆ ఇల్లు పట్టుకున్న. సుశీల వాకిట్ల నిలబడి అడ్డం వచ్చింది. ఎవరు నువ్వు, నాకు ఏ కరుణ ఎరుకలేదు పో అన్నది. సరే బిడ్డా అని ఎనుకకు మర్రిన. లోపల్నుంచి దగ్గు ఇనొచ్చింది. సలికాలమంత నా పక్కల పండుకోని దగ్గిన పిల్ల, ఆ దగ్గు నాకు ఎరుకలేదా? "ఏయ్ కరుణా" అన్న. "పెద్దమ్మా" అని ఉరికొచ్చి మీద పడ్డది. నెత్తి కాడ వెంట్రుకలు ఊడిపోయి ఉండె. బతికున్నది, అది సాలు అనుకున్న. మాయింటికి రాకపోతివేందే అంటె, "నీకాడికి వస్తె దావీదు చిన్నాయిన మల్ల వానికే అప్పజెప్తడు పెద్దమ్మా" అన్నది. నిజమే గదా, అప్పజెప్తుండె.

ఆ పచ్చ చీర ఆమెను కరుణ మర్వలేదట. ముంగట కూచున్న పెండ్లిపిల్ల గదా, తిరిగి చూసింది. దెబ్బలు మొదలైనంక తెలిసొచ్చిందట, ఆమె సాక్ష్యానికి లేవలేదని. ఒకనాడు చేవెళ్ల బస్టాండుల పూల మూటతోటి ఆమెనే కనబడితె, ఊరు ఇల్లు అడిగి పెట్టుకున్నది. ఆమె చేవెళ్లల పూలమ్ముకుంటనే ఈ పెండ్లి సంగతి ఇన్నదట. నేను సుశీల చేతులు పట్టుకోని, ముందుగాలనే చెప్తె ఈ పిల్ల బతుకు ఆగం కాకపోతుండె గదా బిడ్డా అన్న. ఆమె నా దిక్కు చూసి, "లేచిన గదవ్వా, మీరే కూచోబెట్టిరి" అన్నది.

మల్ల లేస్తవా బిడ్డా, ఈసారి ఎవ్వరు కూచోబెట్టకుంట నేను చూస్త అన్న.

తర్వాతి ఆదివారం ఇద్దర్ని తీసుకోని గుడికి పోయిన. వాడు ముంగట కండ్లు మూసుకోని పాట పాడుతుండె. సుశీల వెనక బెంచి కాడ లేచింది. మీ చిన్నతాత చెయ్యి సగం లేపిండు, నేను చూసిన చూపుకు కిందికి దించిండు. సుశీల ఏం అరవలే. "వీడు నా మొగడు" అన్నది గంతే. వాడు పక్క తలుపులకెల్లి పోయిండు. బైబిలు సంచి బెంచి మీదనే మర్చిపోయిండు. జిప్పు తీసి చూస్తె పేజీలు ఒకదానికొకటి అంటుకొనే ఉన్నయి, కొన్నప్పటి లెక్కనే. ఠాణాల కరుణ, "నన్నెవ్వరు తీస్కపోలే సారు, నా కాళ్ల మీద నేనే పోయిన" అని రాయించింది. ఇప్పుడు వాడు కోర్టు మెట్లు ఎక్కుతున్నడు, దిగుతున్నడు. కరుణ మల్ల దుకాణంల పని చేసుకుంటున్నది. మీ చిన్నతాత? ఇంక సంఘ పెద్దనే. ఏం సిగ్గు లేదు.

ఏంది, మొకం గట్ల పెట్టినవు? నీ పిలగాని సంగతా? మొన్న మోకాళ్లకు మందు అని పోయిన సూడు, మందుకు పోలే. వాండ్ల ఊరికి పోయిన, మేక పిల్లలు కొననీకి. వాని వదినెను అడిగిన, వాండ్ల ఇంటెనక బట్టలుతికే ఆమెను అడిగిన. ఉప్పు తక్కువైతె అలుగుతడట. అలగనీ. వాండ్ల గుడిల గూడ చదవాలెనని అయ్యగారితోటి చెప్పొచ్చిన.

సల్లగుండు నా తల్లి, నీ కడుపు సల్లగుండ. ఆదివారం నన్ను ముంగట కుర్చీల కూచోమనకు. నేను వెనక తలుపు కాడ కూచుంట. ఎవరన్న ఆడమనిషి లేస్తె, ఆమె కొంగు ఎవ్వర్ని గుంజనియ్య.