గట్టయ్య పడవకు కొత్త ఎనుక కొస

నర్సంపేటలో వలీ చాయ్ హోటల్ ముందు బల్ల మీద కూర్చుని వడ్రంగి మొగిలయ్య చెబుతున్నాడు. ముఖంలో నవ్వన్నది లేదు.

"పోయిన వానకాలం గట్టయ్య పాకాల చెరువుల వల గుంజుతాంటె పడవ ఎనుక కొస మునిగింది. మనిషిని జుట్టు వట్టి బయటికి గుంజిన్రు. ఆయన పెండ్లాం సమ్మమ్మ నా దగ్గరికొచ్చి, 'అన్నా, మా ఆయనను మల్ల ఇంటికి దెచ్చే పడవ కావాలె' అని కండ్లల్ల నీళ్లు వెట్టుకున్నది. నా పానం సివుక్కుమన్నది. ఆ పాత కొస కోసేసి, టేకు పలకలేసి ఎత్తు వెంచిన. నిలవడి వల గుంజెటందుకు మీద బల్లలు పరిచిన. గంతే, నేను జేసింది."

"మంచి పనే జేసినవ్," అన్నాడు వలీ.

"జర ఆగు వలీ భాయ్, ఆ తర్వాత ఏమైందో ఎరుకేనా? వల నిండ చేపలు. ఊరోళ్లందరు బల్లల మీదికెక్కి గుంజిన్రు, ఎనుక కొస ఇంచు గూడ దిగలె. గంత జాగ కనవడ్డంక రైతులు ఊకుంటరా? కల్లం లేనోళ్లు ఎడ్లను దోలుకొచ్చి దానిమీదనే వరి తొక్కిచ్చిన్రు. గడ్డివాము గూడ ఆడనే వెట్టిన్రు."

"ఎడ్లు నీళ్లల్ల వడలేదానే?" పక్కన కూర్చున్న సారంగపాణి అడిగాడు.

"వడ్తె నన్నడుగు! గప్పుడే చెరువు నిండి నీళ్లు మత్తడి దుంకినయ్. ఎడ్లతోని, గడ్డివాముతోని పడవ ఏటెంబడి వడ్డది. డోర్నకల్ కాడ ఏరు పొంగితె సక్కగ పట్టాలెక్కింది. స్టేషన్ మాస్టర్ పచ్చజెండ ఊపిండు. బొగ్గింజను బండి పక్కకాగి దారిచ్చింది. ఒక్కనికి గోరంత దెబ్బ తాకలె. ఎందుకు? ఎనుక కొస నేనేసింది గనక."

"అన్నా."

సమ్మమ్మ గొంతు. ఆమె ఎప్పుడొచ్చి వెనక నిలబడిందో ఎవరూ చూడలేదు.

"పడవ ఇంక మా వాకిట్ల బోర్లేసే ఉన్నది. నువ్వు బాగుజేసినంక అది నీళ్ల మొఖమే సూడలె."

సారంగపాణి పకపకా నవ్వాడు. వలీ నవ్వాపుకోలేక పొయ్యి వైపు తిరిగాడు. సమ్మమ్మ మాత్రం నవ్వలేదు.

"రేపు పొద్దుగాల చెరువుల దించుతానం. పని జేసినోడే ముందుగాల కూసుండి ఒక సుట్టు తిరుగుడు మా కాడ రివాజు. నువ్వు తిరిగొచ్చినంకనే మా ఆయనను ఎక్కనిస్త. నాకు భయమైతాంది అన్నా."

మొగిలయ్య చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకుని లేచాడు.

"చెల్లె, ఇంట్ల తారేమన్న మిగిలిందా? పలకల సందులకు ఇంకో పూత వెయ్యాలె."