మంచుకు కాసే అనపగింజలు

ఈ రెండు గిన్నెలూ చూడండప్పా. రెండింట్లోనూ చిక్కుడు జాతి అనపగింజలే. ఏది నానబెట్టొచ్చు, ఏది నానబెట్టకూడదు? తొందరపడొద్దు, చూసి చెప్పండి.

"రెండూ ఒకటే కదవ్వా!"

అందుకే రెండూ కలిపి నీళ్ళలో పోయబోయినావు చిన్నీ. నానబెట్టి తొక్క పితికేసి పితికిపప్పు చేసుకుందామని నేనే అన్నాలే, నీ తప్పేం లేదు. కానీ ఈ ఎడమ గిన్నెలోవి అంగట్లో తెచ్చినవి కావు, మన బాల్కనీ కుండీల్లో కాసినవి. ములబాగిలు పక్కన మా ఊర్లో మా అమ్మ విత్తిన రకం. ఇవి నానినాయంటే అంతే, మళ్ళీ తెచ్చుకుందామన్నా ఎక్కడా లేవు.

మా అమ్మ చేన్లో ఉత్త రాగులే విత్తేది కాదు. కొన్ని సాళ్ళు రాగి, మధ్యలో ఒక సాలు అనప. రాగికి వాన కావాల. అనపకు వాన వద్దు... కాదు కాదు, ఉండండి, సరిగ్గా చెప్తా. అనపకూ వాన కావాల, కానీ మధ్యలో ఆగిపోయినా చలికాలం మంచుకే పూతపట్టి కాస్తాది. ఒక ఏడు రాగి వెన్ను తీసే వేళకు వాన లేకుండా పోయింది. చేన్లో గడ్డే మిగిలింది. ఆ చలికాలమంతా మా ఇంట్లో అనపకాయల పులుసే, సారే. "మళ్ళీ ఇదేనామ్మా?" అని మా తమ్ముడు, అదే మీ చిన్నతాత నారాయణప్ప, మూతి ముడిచేవాడు. తిండి ఉంటేనే కదప్పా మూతి ముడిచేది!

ఆ నారాయణప్పే పెద్దయినాక బోరు వేసి చేనంతా టమాటా పెట్టినాడు. తప్పనను, దాంతోనే పిల్లల్ని చదివించినాడు. కానీ అనప సాలు పోయింది, దాంతోపాటు విత్తనమూ పోయింది. అంతకుముందే నేను పిడికెడు తెచ్చుకున్నా కాబట్టి సరిపోయింది. బెళ్ళందూరులో, ఎనిమిదో అంతస్తులో, ఏటా పెంచుతా ఉంటే, "ఏమక్కా, టీచరమ్మ సేద్యానికి దిగిందే! కుండీకి ఎన్ని మూటలు?" అని వాడి ఎగతాళి.

నిన్న ఫోన్ చేసినాడు. బోరు ఎండిపోయిందంట, ఈసారి రాగే విత్తుతాడంట. ఆ ముచ్చటా ఈ ముచ్చటా చెప్పి, ఆఖరికి మెల్లగా, "అక్కా, అమ్మ గింజ ఇంకా ఉండాదా?" అన్నాడు. అంగట్లో దొరికే రకం నీళ్ళు కడితేనే కాసేదంట.

"ఉండాది" అని చెప్పినా. "ఇంక ఎగతాళి చెయ్యనులే అక్కా" అన్నాడు. "చెయ్యరా, మొలిచినాక చెయ్యి" అన్నా నేను.

రేపు వస్తాడు. ఇవి రెండు సాళ్ళకు వస్తాయి, వచ్చే ఏటికి చేనంతటికీ అవుతాయి. ఇప్పుడు చెప్పు చిన్నీ, ఏ గిన్నె నానబెట్టాల?

"కుడిది!"

శభాష్. చలికాలానికి ఆ చేన్లోనే కాయలు కోసుకుందురుగానీ, చల్లగా ఉండండి. విత్తేదాకా పురుగు పట్టకుండా వీటికి ఎర్రమన్ను పూయబోతా ఉంటి, అంతలో ఆగిపోయింది. బాల్కనీలో ఎండ ఉండగానే పోయి, పూసి ఆరబెట్టొస్తా.