బహుమతి రాని పత్రిక

వాక్కును ప్రసాదించే శారదమ్మకు మ్రొక్కి ఈ ముచ్చట మొదలు.

తన వారపత్రికకు ఈ ఏడూ బహుమతి దక్కలేదన్న దిగులుతో సంపాదకుడు గంగాధరరావు, బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ ముందు బారులు తీరిన చెరుకు బండ్ల నడుమ, బండి తోలే లింబయ్య ప్రక్కన కూలబడ్డాడు.

“ఇగ పత్రిక బంద్ చేస్త లింబన్నా. మెడల్ పెద్ద పేపర్‌కే ఇచ్చిండ్రు.”

“గా పేపర్ మా బండ్లకాడికి గూడ వస్తది పంతులూ. ముందటి బండోళ్లు సదివి ఎనుకకు అందిస్తరు.”

“మంచిగుంటదా?”

“మస్తుగుంటది. పొద్దుమీకితే మడత నలగకుంట మళ్ల ముందటి బండికే వస్తది.”

“మరి నాది?”

“నీది ఎన్నడన్న తిరిగొచ్చిందా? చేతులు మారి మారి చినుగుతది. మొన్న కాలువ నీళ్ల వంతుల వార్త ముక్కొక్కటే నాకు దొరికితే, నా పెండ్లాం ఈరవ్వ కొంగుల ముడేసుకున్నది.”

గంగాధరరావు కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

“వచ్చే వారం ఇంకిన్ని కాపీలు తెస్తలే.”

“తే పంతులూ. ఆఖరి బండి నాదే.”

ఈ ముచ్చట విన్నవారందరి మంచిమాట ఆఖరి బండి దాకా చేరుగాక!