మాస్టారు రేవు జట్టుకి ఆడిన సీజన్

వాన పట్టుకుంటే టైలర్ మాస్టారి నోరు విప్పుకుంటుందని మిల్లు వీధిలో అందరికీ తెలుసు. ఎండ కాసే రోజుల్లో ఆయన తల వంచుకుని మెషిన్ తొక్కుతూ, అడిగినదానికి జవాబు చెప్పి ఊరుకునే మనిషే. చినుకు మొదలై, వీధిలో జనం పలచబడి, చుట్టుపక్కల కొట్లవాళ్ళు తడవకుండా ఆయన షాపు అరుగెక్కి కూర్చున్నారంటే మాత్రం, ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

ఆ మధ్యాహ్నం కూడా అలాంటి సన్నటి వానే. ఉరుమూ లేదు, గాలీ లేదు. మిల్లు పొగగొట్టం పైసగం మబ్బులో కలిసిపోయి, ఎక్కడ అయిపోయిందో ఎక్కడ ఆకాశం మొదలైందో తెలియడం లేదు. టీ అక్క గ్లాసులు కడిగి బోర్లించి వచ్చి కూర్చుంది. సెలూన్ ఆయన భుజం మీద తువ్వాలుతో గోడకి చేరగిలబడ్డాడు. అరుగు చివర ఒక ముసలాయన ఉన్నాడు. వీధికి కొత్త మనిషి. ఊడిన జిప్పు సంచి మాస్టారి చేతికిచ్చి, పనయ్యేదాకా కూర్చుంటానన్నాడు. గుమ్మంలో మాస్టారి మేనకోడలు మోకాళ్ళు కావలించుకుని వాన చూస్తోంది.

ఆ పిల్లని వీధంతా బాణం అంటారు. చిన్నప్పుడు నీలం చొక్కాలో ఫుట్‌బాల్ వెంట పరిగెత్తుతుంటే ఎవరో పెట్టిన పేరు. నీలం మిల్లు జట్టు రంగు. వంతెన అవతల రేవు జట్టుది ఎరుపు. ఈ రెండింటికీ మ్యాచ్ ఉందంటే, ఇటువైపు ఎర్ర బకెట్టు ఉన్నవాళ్ళు కూడా దాన్ని మంచం కిందకి తోసేస్తారు. బాణం పదేళ్ళు దాటేదాకా ఆ నీలం చొక్కాలోనే పడుకుంది.

ఇప్పుడొచ్చిన చిక్కు ఏమిటంటే, మిల్లు వాళ్ళ ఆడపిల్లల జట్టు ఆమెని చూసి ప్రతిసారీ వచ్చే ఏడు చూద్దాంలే అని పంపించేసింది. నిన్న రేవు జట్టు కోచమ్మ ఫోన్ చేసింది. జీతమిచ్చి పెట్టుకుంటాం, ఇవాళ సాయంత్రంలోగా చెప్పమంది. ఆ మాట విన్నప్పుడు నాన్న భోజనం చేస్తున్నాడు. ఒక్క క్షణం చెయ్యి ఆపి, మళ్ళీ తిని, కడుక్కుని, ఏమీ అనకుండా మిల్లుకి వెళ్ళిపోయాడు. ఆయన అరిచినా బాగుండేదనుకుంది బాణం. ఈ వీధిలో పుట్టి ఆ జట్టుకి ఆడినవాడు ఇంతకు ముందు ఒక్కడే ఉన్నాడు. మావయ్య. అందుకే వచ్చింది.

"మావయ్యా, కోతలు కొయ్యకుండా చెప్పు. రేవు జట్టుకి ఆడినప్పుడు నీకెలా అనిపించింది?"

మాస్టారు జిప్పుని వెలుతురుకి పట్టి చూశాడు. "ఏముందే అమ్మడూ. ఒక్క సీజన్ ఆడాను. ఏదో నా చేతనైనంత."

సెలూన్ ఆయన టీ అక్క వైపు చూశాడు. ఇంత వినయంగా మొదలైందంటే కథ ఎంత దూరం పోతుందో ఇద్దరికీ తెలుసు.

"వాళ్ళ మేనేజరు మా ఇంటికొచ్చాడు," అన్నాడు మాస్టారు. "వంతెన దాటి మామూలుగా వస్తే మనవాళ్ళు ఊరుకుంటారా, అందుకని సామాన్లు మోసేవాళ్ళలా వేషాలేసుకుని, నిజంగానే ఒక సోఫా మోసుకుంటూ వచ్చారు, నడివీధిలో, పట్టపగలు, ఆ సోఫా మా ఇంట్లో దింపి దాని మీదే కూర్చుని నన్ను బతిమాలారు. వెళ్ళేటప్పుడు కంగారులో మరిచిపోయి వదిలేసి పోయారు. మా అమ్మ పోయేదాకా దాని మీదే పడుకుంది."

"మీ ఇంట్లో సోఫా నేనెప్పుడూ చూళ్ళేదే," అంది టీ అక్క.

"నువ్వు కాపురానికొచ్చేసరికి అరిగిపోయింది."

దారం సూదిలోకి ఎక్కించి, బొటనవేలి గోటితో టక్కున తెంపాడు. "సరే, వెళ్ళాను. ఎర్ర చొక్కా ఇచ్చారు. తల దూరదే. చొక్కా చిన్నదని కాదు, నా ఒళ్ళు ఒప్పుకోలేదు. ఇటు లాగితే అటు జారిపోతుంది, ముగ్గురు పట్టుకుని తొడగబోతే ముగ్గురూ అందులో ఇరుక్కున్నారు గానీ నేను బయటే ఉన్నాను. చివరికి నాకే ఉపాయం తట్టి, కింద మన నీలం చొక్కా వేసుకున్నాను. అప్పుడు చూడాలి, ఎర్రది ఎంత బుద్ధిగా దిగిందో. మ్యాచ్ మొదలయ్యేసరికి చెమటకి రెండు రంగులూ కలిసి ఊదాగా తేలింది. రిఫరీ వచ్చి, నాయనా నువ్వు ఎవరి తాలూకు అని అడిగాడు. ఆటయ్యాక చెబుతానండీ అన్నాను."

బాణం నవ్వింది. నిన్నటి నుంచి ఆ ముఖం మీద నవ్వు లేదు. అది చూసి మాస్టారికి ఇంకా ఉత్సాహం వచ్చింది.

"ఆ మ్యాచ్ ఎవరితోననుకున్నావ్? మనతోనే. మన మైదానంలోనే. పొద్దున్నించీ మంచు. ఎంత మంచంటే, చెయ్యి చాపితే చెయ్యి కనపడేది కాదు, వెనక్కి లాక్కున్నాక మన చెయ్యో కాదో ఒకసారి చూసుకోవాల్సిందే. మనవాళ్ళంతా ఒకవైపు, మా అమ్మా నాన్నా వాళ్ళలోనే, ఒక్కడు అరిస్తే ఒట్టు. మంచులోంచి వాళ్ళ ఊపిరి మాత్రం వినిపిస్తోంది. బంతి నా కాళ్ళ దగ్గరికొచ్చింది. మన జట్టులో అందర్నీ దాటేశాను. అంత తేలిగ్గా దాటేశానా అని నాకే అనుమానమొచ్చి, వెనక్కెళ్ళి మళ్ళీ మొదటి నుంచీ దాటాను. రెండోసారి వాళ్ళే పక్కకి తప్పుకుని దారిచ్చారు, పాపం, అలిసిపోయారు. ఇక తన్నడమే మిగిలింది. తన్నాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"గోల్," అన్నాడు సెలూన్ ఆయన.

"బంతి పైకెళ్ళింది. మంచులోకి. కిందకి రాలేదు."

వాన చూరు మీంచి దారాలుగా జారుతోంది.

"ఎదురు చూశాం. ఆటగాళ్ళు నిలబడి చూశారు, కాళ్ళు పీకి కూర్చున్నారు, భోజనాలు చేశారు. జనంలో ఒకావిడకి నొప్పులొచ్చి కాన్పు కూడా అయింది, ఆ పిల్లే ఇప్పుడు మన పోస్టాఫీసులో పని చేస్తోంది. అయినా బంతి రాలేదు. ఇలా కాదని మైదానం మూలనున్న దీపస్తంభం ఎక్కాను. ఎక్కుతున్నాను, ఎక్కుతున్నాను, కింద రంగులు పోయాయి, ఎరుపూ లేదు నీలమూ లేదు. పైన మంచు మన మిల్లులో ఏకిన దూది గుట్టలుంటాయి చూడు, అలా పరుచుకుని ఉంది. ఆ దూది మీద, కోడి పొదిగిన గుడ్డులా, వెచ్చగా, నా బంతి."

కోతలేనని బాణానికి తెలుసు. అయినా ఆమె కళ్ళ ముందు ఆ స్తంభం నిలబడింది. తనూ ఎక్కుతున్నట్టే ఉంది. అరుగూ, వీధీ, మూసిన కొట్ల రేకు తలుపులూ కిందకి జారిపోయాయి.

"అక్కడినుంచి అన్నీ కనపడతాయే అమ్మడూ," అన్నాడు మావయ్య గొంతు తగ్గించి. "మన ఇంటి డాబా, తీగ మీద ఆరేసిన అమ్మ చీర. వంతెన అవతల ఓడలు, వాళ్ళ ఇళ్ళు. వాళ్ళ డాబాల మీద కూడా చీరలే ఆరేసున్నాయి, నాకెందుకో అది ఆశ్చర్యంగా అనిపించింది. ఇంకా కిందకి చూస్తే జనంలో మా నాన్న, ఆయన భుజాల మీద ఒక పిల్లాడు. నీలం చొక్కా, ముందు పళ్ళు లేవు. పోల్చుకున్నాను. వాడు నేనే. నన్నే చూస్తున్నాడు. ఇప్పుడు ఈ బంతి కిందకి కొడితే గోల్‌లోకే పోతుంది, వాడేమో ఏడుస్తాడు. కొట్టకపోతే నాకు జీతమిచ్చినవాళ్ళకి ద్రోహం. ఏం చెయ్యను?"

"ఏం చేశావు?" అంది బాణం.

"తలతో కొట్టాను. స్తంభం మీంచి. ఎంత దెబ్బంటే బంతి మధ్యకి చీలి సరిగ్గా రెండు చెక్కలైంది. ఒక చెక్క అటు గోల్‌లో, ఒక చెక్క ఇటు గోల్‌లో. ఒకేసారి. రిఫరీ రెండు బుగ్గలా రెండు విజిళ్ళు పెట్టుకుని ఊదాడు. ఆట సమానం. మనవాళ్ళు నా కుడికాలు పట్టుకుని, వాళ్ళు ఎడమకాలు పట్టుకుని, నన్ను పైకెత్తి ఊరేగించారు. వంతెన మీదకొచ్చాక వీళ్ళు ఇటు, వాళ్ళు అటు తిరగబోయారు. అప్పుడే నా నడుం కాస్త పట్టేసింది. ఇప్పటికీ వానపడితే సలుపుతుంది."

టీ అక్క నిట్టూర్చింది. సెలూన్ ఆయన చప్పట్లు కొట్టబోయాడు.

"ఆ రోజు మంచు లేదండీ," అన్నాడు అరుగు చివరి ముసలాయన.

అందరూ అటు తిరిగారు. ఆయన దెబ్బలాడేవాడిలా లేడు. దారి అడిగినవాళ్ళకి దారి చెబుతున్నట్టుగా ఉంది గొంతు.

"మంచి ఎండ. అప్పుడు రేవు జట్టు గోల్‌కీపర్ని నేనే. మావాడొకడికి మోకాలు పట్టేస్తే, ఆట చివర్లో బెంచీ మీంచి ఈయన్ని దింపారు. కొత్త కుర్రాడు. బాగా పరిగెత్తేవాడు. అంతలో మిల్లువాళ్ళు బంతి తీసుకుని మా మీదకొచ్చారు. తన్నింది కూడా సరిగ్గా తగల్లేదు, నేల మీద దొర్లుకుంటూ మెల్లగా వస్తోంది. ఈయన పక్కనుంచే. కాలు చాపితే చాలు. చాపలేదు."

మాస్టారు మెషిన్ తొక్కుతూనే ఉన్నాడు.

"నేను పడ్డాను, అందలేదు. మట్టిలోంచి తలెత్తి చూద్దును కదా, మిల్లువాళ్ళు గెంతుతున్నారు. వాళ్ళ మధ్యలో ఒక ఎర్ర చొక్కా. మా కుర్రాడు. రెండు చేతులూ పైకెత్తి, వాళ్ళకంటే ఎత్తు ఎగురుతున్నాడు."

సెలూన్ ఆయన తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. టీ అక్క తల పక్కకి తిప్పుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి ఇద్దరూ మాస్టారి ముఖం చూసి ఊరుకున్నారు. మెషిన్ సూది పైకీ కిందకీ ఆడుతోంది. దాని కింద బట్ట లేదు.

"ఎండ నా కళ్ళలో పడిందనుకుంటా," అన్నాడు మాస్టారు.

"ఎండ మీ వీపు వైపుందండీ."

బాణం ఆ ముసలాయనకి దగ్గరగా జరిగింది. "తర్వాత?"

"తర్వాతేముందమ్మా. సీజనంతా బెంచీయే. మొహం చాటేసి వెళ్ళిపోతాడనుకున్నాం, వెళ్ళలేదు. బస్సులో మాతోనే వచ్చేవాడు, మా చిరిగిన చొక్కాలన్నీ కుట్టేవాడు. ఇందాక దారం గోటితో తెంపినప్పుడు గుర్తుపట్టాను."

"మీకు కోపం రాలేదా?"

"రాకపోవడమేంటి. ఏళ్ళ తరబడి ఉంది." ఆయన వానలోకి చూశాడు. "ఇవాళ ఈయన చెబుతుంటే వింటూ కూర్చున్నాను. మధ్యలో ఒకచోట, నేనే పొరబడ్డానేమో, మంచే నిజమేమో అనిపించింది. లేకపోతే ముందే లేచి చెప్పేవాణ్ణి." మళ్ళీ బాణం వైపు తిరిగాడు. "ఎవరిని ఇష్టపడాలో ఎవరూ చెప్పలేరమ్మాయీ. బంతి వచ్చినప్పుడు మాత్రం కాలు కదలాలి. అది కదలదనుకుంటే చొక్కా తీసుకోకూడదు."

బాణం కళ్ళు మూసుకుంది. మిల్లు మైదానం వచ్చింది, గడ్డి వాసనతో సహా. తన ముందు బంతి మెల్లగా దొర్లుతోంది. ఎదురుగా నీలం చొక్కాలు, వాటి వెనక జనంలో నాన్న. కాలు ఆగుతుందేమోనని భయంగా చూసింది. ఆగలేదు. తన్నేసింది. వల ఊగింది, జనం నోళ్ళు పడిపోయాయి, నాన్న నేల చూపులు చూస్తున్నాడు. మళ్ళీ మొదటినుంచి ఊహించుకుంది. ఈసారీ కాలు ఆగలేదు. ఇంకా గట్టిగా తన్నింది.

లేచి ఫోన్ తీసి, చూరు చివరిదాకా వెళ్ళింది. "నేనేనండీ. వస్తాను," అంది. అంతే.

తిరిగొచ్చి, తన సంచి అడుగు నుంచి ఒక ఎర్ర చొక్కా లాగింది. రేవు వాళ్ళ సెలక్షన్‌కి వెళ్ళిన రోజున వేయించి, ఉంచుకోమన్నారు. ఇంట్లో బయటికి తీసే ధైర్యం లేక మోసుకు తిరుగుతోంది. వేసుకున్న బట్టల మీదే తొడుక్కుంది. భుజాలు మోచేతుల దాకా జారాయి.

"మావయ్యా, ఇది సరిచెయ్యి."

మాస్టారు ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. ఏదో పెద్ద మాట అనబోతున్నాడనే అందరూ అనుకున్నారు. ఆయన గుండుసూదులు తీసి పెదాల మధ్య పట్టుకుని లేచాడు. అరుగు మీద వెలుతురులో ఆమెను నిలబెట్టి, ఒక్కొక్క మడతే పట్టి సూది గుచ్చడం మొదలుపెట్టాడు.

మిల్లు సైరన్ మోగింది. గేటు వైపు నుంచి గొడుగులు ఒకటొకటిగా వీధిలోకి వస్తున్నాయి.

"మీ నాన్న ఇటే వస్తాడే," అంది టీ అక్క. "లోపలికి పో."

బాణం కదల్లేదు. మావయ్య చేతులు కూడా ఆగలేదు.

ఒక గొడుగు అరుగు ముందు నిలిచింది. నాన్న చాలాసేపు అక్కడే ఉన్నాడు. ఆయన వెనక వస్తున్నవాళ్ళు చూసి, ఒకరితో ఒకరు ఏదో అనుకుంటూ పోతున్నారు. ఆయన మెట్లెక్కి, గొడుగు మూసి, నీళ్ళు దులిపి, కూతురి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"కుడి భుజం ఇంకా జారుతోంది చూడు బావా," అన్నాడు.

నోటినిండా సూదులున్న మాస్టారు తల మాత్రం ఊపాడు.