చివరి రీలు ముందే పడిన రోజు

ఆ టీవీ గొంతు కాస్త తగ్గించు. ఇప్పుడు చెప్పు. ఏమిటీ, సండేస్కూలు పిల్లలకి ఏదో సినిమా ముక్క చూపించి బైబిలు వాక్యం చెప్పావని సంఘపెద్దలు నిన్ను రమ్మన్నారా? అందుకా మొహం అలా వేలాడేసుకొచ్చావు. ఓసి పిచ్చిదానా, ఇలా వచ్చి కూర్చో. కాళ్ళు పైకి పెట్టుకో, గచ్చు చల్లగా ఉంది. ఈ తగువు మన ఇంట్లో నీతో మొదలవలేదే. మా అన్నయ్యతో మొదలైంది. నీకు తాత వరస, నువ్వు పుట్టకముందే పోయాడు. ఆ గోడ మీద ఫోటోలో కళ్ళు చికిలించుకుని ఉంటాడు చూడు, ఆయనే. ఎండలోకొస్తే ఎప్పుడూ అంతే. చీకటిగదిలో పనిచేసే మనిషి కదా. సినిమా హాల్లో ఆపరేటరు. అంటే పైన గదిలో కూర్చుని మిషను మీద బొమ్మ వేసేవాడన్నమాట. ఇప్పుడు మీకు మీట నొక్కితే బొమ్మ పడుతుంది, మీకేం తెలుసు ఆ పాట్లు.

నాకు తెలుసు, ఎందుకంటే క్యారేజీ పట్టుకెళ్ళేదాన్ని నేనే. ఇరుకు మెట్లు, గోడకి చెయ్యి ఆనించుకుని ఎక్కాలి. పైన చిన్న గది, పొయ్యిలో ఉన్నట్టు వేడి. రెండు మిషన్లు పక్కపక్కన ఉండేవి. ఒకదాంట్లో రీలు అయిపోతుంటే రెండోది అందుకోవాలి, కింద జనానికి తెలియకూడదు. మరి ఎలా తెలుస్తుంది నీకు అన్నాను ఒకరోజు. నన్ను గోడకున్న కంతలోంచి చూడమన్నాడు. 'తెర పైన కుడి మూల చూడు. రెప్ప వెయ్యకు' అన్నాడు. చూస్తే ఏముంది, అక్కడ హీరోయిను ఏడుస్తోంది, నేనూ ఏడుస్తున్నాను. 'పడిందే, చూశావా' అన్నాడు. ఏం పడింది, నాకేం కనపడలేదు. మూలన చిన్న చుక్క పడుతుందట. మొదటి చుక్కకి రెండో మిషను తిప్పుకుని ఉంచుకోవాలి, రెండో చుక్కకి అటు మార్చెయ్యాలి. 'హాలు నిండా జనం ఉన్నా ఆ చుక్క ఒక్కరికీ కనపడదే చెల్లీ. దానికోసం కాచుకున్నవాడికే కనపడుతుంది. పెళ్ళికొడుకు కోసం దీపంలో నూనె పోసుకుని మెలకువగా కూర్చున్న అమ్మాయిల కథ బైబిల్లో ఉంది కదా, అది నాకు గుళ్ళో అర్థం కాలేదు, ఇక్కడ అర్థమైంది' అన్నాడు. అదీ మా అన్నయ్య. ఏది చూసినా అటే లాక్కుపోయేవాడు. ఆ మిషన్లో రెండు బొగ్గు కడ్డీలు కాలుతుంటే వెలుగొచ్చేది, అవి అరిగిపోతుంటే తెర మీద హీరో మెరిసిపోయేవాడు. 'ఈల హీరోకి వేస్తారు, కాలేది కడ్డీ. సంఘంలో కూడా ఇలా కాలేవాళ్ళున్నారు, పేర్లు చెప్పమంటావా' అనేవాడు. ఫిలిం తెగితే కింద గోలగోల, తిట్లు. ఆయన నిదానంగా జిగురు పెట్టి అతికించేవాడు. 'తెగినచోట రెండు బొమ్మలు పోతాయి, కథ పోదు' అనేవాడు. నాకూ మీ తాతకీ పెళ్ళైన కొత్తలో మాటల్లేకపోతే ఆ మాటే చెప్పి పంపించాడు నన్ను. సరే, అది వేరే కథ.

ఇంకోటి అనేవాడు. 'ఇంటర్వెల్‌కి లేచిపోయినవాడిని అడుగు, విలనే గెలిచాడని చెప్తాడు.' ఇది గుర్తుపెట్టుకో, మళ్ళీ వస్తాను దీని దగ్గరికి.

ఇక సంఘం సంగతి. మందిరంలో వాక్యం చెప్పే అయ్యగారు మంచాయన, నోట్లో నాలుక లేని మనిషి. పెత్తనమంతా సంఘపెద్దది, కోర్టులో గుమాస్తా చేసి దిగినాయన. కర్ర లేకుండా నడవగలడు గానీ కర్ర పట్టుకునే నడిచేవాడు, మాట్లాడేటప్పుడు నేలకి కొట్టడానికి. చెడ్డవాడనుకోకు. ఎవరింట్లో జబ్బుపడితే అక్కడ ముందు ఆయనే ఉండేవాడు. కానీ పట్టుకుంటే ఉడుంపట్టు. ఒకసారి మా అన్నయ్య యౌవనస్థుల కూటంలో ఈ చుక్క సంగతి చెప్పాడు. కుర్రాళ్ళు నోళ్ళు తెరుచుకుని విన్నారు. అది గుమాస్తాగారి చెవిన పడింది. 'సాతాను గుళ్ళో జీతం తీసుకుంటూ దేవుడి గుళ్ళో పాఠాలా? ఆ పని మానేదాకా బల్లకి రాకూడదు. వెనక బెంచీలో కూర్చోమను' అని కర్ర టక్కుమనిపించాడు. అయ్యగారు మింగలేక కక్కలేక ఊరుకున్నాడు. ప్రభువు శరీరమని అందరం రొట్టె పంచుకుని తినే బల్ల, అదంటే ఏమిటో నీకు నేను చెప్పక్కర్లేదు. రొట్టె పళ్ళెం ముందు బెంచీ నుంచి ఒక్కో వరసా వస్తూ, మా అన్నయ్య దగ్గరికొచ్చేసరికి ఆయన మోకాళ్ళ మీదుగా పక్కవాడికి వెళ్ళిపోయేది. ఆయన పక్కకి ఒరిగి దారిచ్చేవాడు. 'పని మానెయ్యరా' అన్నారు చుట్టాలు. 'నేను దొంగతనం చెయ్యట్లేదు. రోజంతా కష్టపడి వచ్చినవాడికి కాసేపు వెలుగు చూపిస్తున్నాను, దానికి దేవుడు కోప్పడడు' అనేవాడు. పంతం గుమాస్తాగారికొక్కరికే ఉందనుకున్నావా.

మధ్యలో నలిగింది మా అమ్మ. కాదు, నలగలేదు, ఆవిడా ఆవిడే. ఇంట్లో మా అన్నయ్య రెండో ఆట ముగించుకుని వచ్చేదాకా ముద్ద ముట్టేది కాదు. మేమెంత తినమన్నా 'వాడు రానీ' అనేది. బల్ల ఆపిన వారమే ముందు బెంచీలోంచి లేచి వెళ్ళి వెనక వాడి పక్కన కూర్చుంది. పళ్ళెం వస్తే తీసుకోలేదు. గుమాస్తాగారు వచ్చి, 'అమ్మా, ఆపింది నిన్ను కాదు, వాణ్ణి' అన్నాడు. 'ఇంట్లోనే వాడు తినకుండా నేను తినను బాబూ. నా తండ్రి ఇంట్లో మాత్రం ఎలా తింటాను' అంది. అంతే. అలా ఏళ్ళు గడిచాయే. పళ్ళెం రావడం, ఆవిడ పక్కకి అందించెయ్యడం. తర్వాత ఆవిడకి గుండె జబ్బొచ్చింది. డాక్టరు మమ్మల్ని బయటికి పిలిచి, ఇక జాగ్రత్తగా చూసుకోండి అన్నాడు. ఆ మాటకి అర్థం అందరికీ తెలుసు. మెట్లు దిగుతూ అన్నయ్య, 'మొదటి చుక్క పడిందే' అన్నాడు. ఆ రోజు మాత్రం ఆయన పంతం సడలింది. 'ఉద్యోగం మానేస్తానమ్మా, నువ్వు బల్ల తీసుకుని వెళ్ళాలి' అన్నాడు ఆవిడ మంచం దగ్గర. 'నా కోసం నీ వెలుగు ఆర్పుకుంటావురా? నోరు మూసుకుని పనికి పో' అంది. అదీ వరస. బల్ల లేకుండా ఆవిడ కన్నుమూస్తుందేమోనని మాకు నిద్ర పట్టేది కాదు. ఆవిడకి మాత్రం ఏ బెంగా ఉన్నట్టు కనపడేది కాదు, కానీ పళ్ళెం దాటిపోయేటప్పుడు దాన్నే చూసేది. అది నేను చూశాను.

టీ చల్లారిపోతోంది, తాగు. ఆ, ఇప్పుడసలు సంగతి. అదే రోజుల్లో వేరే ఊరి సంఘంవాళ్ళ దగ్గర యేసుప్రభువు జీవితం మీద సినిమా ఉందని తెలిసింది. మందిరంలో వెయ్యాలని కుర్రాళ్ళ గోల. గుమాస్తాగారు ముందు కుదరదన్నాడు, తర్వాత ఆలోచించి సరేనన్నాడు. చిన్న మిషనూ రీళ్ళ డబ్బాలూ వచ్చాయి. చూస్తే ఆ డబ్బాలు ఏ సినిమా హాలువో పాతవి. ఒక్కోదాని మీద ఒక తారామణి బొమ్మ అంటించి ఉంది, చెంపన చెయ్యి పెట్టుకుని నవ్వుతోంది. గుమాస్తాగారు చూసి అదిరిపడ్డాడు. 'ఈ మొహాలతో మందిరంలోకా? తోమెయ్యండి' అన్నాడు. స్త్రీల సమాజం వాళ్ళం పదిమందిమి కూర్చుని సబ్బూ ఇసకా పెట్టి తోమాం. అద్దాల్లా మెరిశాయి. ఎంత బాగా తోమామంటే, ఆ బొమ్మల మీదే వేసిన రీళ్ళ వరస నంబర్లు కూడా పోయాయి.

నవ్వకు, విను. ఆదివారం మధ్యాహ్నం, కిటికీలకి దుప్పట్లు కట్టారు, బల్ల వెనక తెరగా తెల్లటి పక్కగుడ్డ. జనం ఇసకేస్తే రాలనట్టున్నారు. అన్నయ్య అమ్మని నడిపించుకుని వచ్చాడు. మిషను దగ్గర ఆగి, 'ఒక్కసారి ఫిలిం వెలుతురుకి పెట్టి చూస్తానండీ, వరస తెలుస్తుంది' అన్నాడు మర్యాదగానే. గుమాస్తాగారు కర్ర టక్కుమనిపించాడు. 'సినిమా హాలు చెయ్యి ప్రభువు మీద పడటానికి వీల్లేదు. వెనక బెంచీకి వెళ్ళు.' వెళ్ళి కూర్చున్నాడు. మిషను తిప్పడం గుమాస్తాగారే నేర్చుకొచ్చాడు, రెండు రోజులు సాధన చేసి మరీ. మొదటి రీలు బాగానే పడింది, పుట్టడం, రోగుల్ని బాగుచెయ్యడం, అందరం స్తోత్రం అంటూ చూశాం. దీపాలు వేసి రీలు మార్చాడు. బొమ్మ పడగానే ఖాళీ సమాధి, పరుగెడుతున్న ఆడవాళ్ళు, తెల్లబట్టల్లో ప్రభువు. జనం ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ఇదేమిటి, చావకుండానే లేచాడు. గుమాస్తాగారికి తెలిసిపోయింది, చెమట పట్టేసింది, కానీ ఎలా ఆపాలో నేర్చుకోలేదు పాపం. దాని తర్వాత మిగిలిన రీలు ఎక్కించాడు. పట్టుకోవడం, కొట్టడం, సిలువ. ఆ సంఘమంతా పుట్టినప్పట్నుంచీ విన్న కథే, అయినా కళ్ళతో చూస్తే వేరు కదా. ఒకటే ఏడుపులు. సమాధికి రాయి దొర్లించారు, ధబ్ మని మూసుకుంది, అంతే, తెర తెల్లగా అయిపోయింది. ఫిలిం కొస టపాటపా కొట్టుకుంటోంది.

ఒక పిల్ల 'అమ్మా, ఇంతేనా?' అంది గట్టిగా. గుమాస్తాగారు ఆ మెరిసే డబ్బాలన్నీ తెరిచి చూస్తున్నాడు, ఇంకో రీలు దొరుకుతుందేమోనని. లేదు. 'ప్రార్థన చేసుకుని వెళ్దాం' అన్నాడు. జనం తలలు దించుకుని లేస్తున్నారు. అప్పుడు వెనకనుంచి వినిపించింది, 'కూర్చోండి. ఆట అయిపోలేదు' అని. సినిమా హాల్లో జనాన్ని అదిలించే గొంతే అది. అందరూ టక్కున కూర్చున్నారు. మా అన్నయ్య నడిచి వచ్చాడు, ఎవర్నీ అడగలేదు. ప్రభువు లేచిన ఆ రీలు తీసి చేత్తో వెనక్కి తిప్పుతున్నాడు. దానికి కాస్త టైము పడుతుంది కదా. తిప్పుతూనే, పనిలో పని అన్నట్టు మాట్లాడాడు. మందిరంలో ఆయన గొంతు విని ఎన్నేళ్ళైందో. 'ఆ రోజు శిష్యులు కూడా ఇలాగే తలలు దించుకుని ఇళ్ళకి పోయారు. రాయి పెట్టేశారు కదా, అయిపోయిందనుకున్నారు. వాళ్ళ తప్పు లేదు. వాళ్ళకి చివరి రీలు ఎవరూ చూపించలేదు. మనకి గుమాస్తాగారు ముందే చూపించారు. లేచాడని కళ్ళారా చూసి కూడా రాయి పడగానే ఏడ్చాం. ఇంట్లో జబ్బొస్తే ఏడుస్తాం, మనిషి పోతే ఏడుస్తాం. ఏడవండి, తప్పు కాదు. ఇంటికి మాత్రం వెళ్ళిపోకండి' అన్నాడు. అని మిషను తిప్పాడు. మళ్ళీ అదే ఖాళీ సమాధి, అదే ఆడవాళ్ళు. ఇందాక ఏమిటిదని చూసినవాళ్ళు ఈసారి నిలబడి చూశారే. మా అమ్మ కూర్చునే ఉంది, ఆవిడకి నిలబడే ఓపిక లేదు. తెర వైపు కాదు, కొడుకు వైపు చూస్తోంది.

అయిపోయాక గుమాస్తాగారు ఆయన దగ్గరికి వచ్చాడు. కర్ర చేతిలో ఉంది, నేలకి కొట్టలేదు. 'నీ చెయ్యి పడకూడదన్నాను. నీ చెయ్యి పడకపోతే ఇవాళ ప్రభువు సమాధిలోనే ఉండిపోయేవాడోయ్' అన్నాడు. క్షమించమని అడిగే అలవాటు లేదు ఆయనకి, అదే ఆయన క్షమాపణ. తర్వాత వచ్చిన బల్ల ఆదివారం రొట్టె పళ్ళెం ముందు బెంచీ నుంచి రాలేదు. గుమాస్తాగారు తనే పట్టుకుని తిన్నగా వెనక బెంచీకి వచ్చి మా అన్నయ్య ముందు వంగాడు. అన్నయ్య పళ్ళెం అమ్మ వైపు తిప్పాడు. 'ముందు నువ్వు తినరా' అంది. తిన్నాడు. అప్పుడు తింది ఆవిడ, చిన్నపిల్లలా రెండు చేతులూ చాపి తీసుకుని. నాకు ఇప్పుడు తల్చుకున్నా ఒళ్ళు పొంగిపోతుందే. ఇంకో బల్ల ఆదివారం రాకముందే అమ్మ పోయింది. మా అన్నయ్య ఏడ్చాడు, బాగా ఏడ్చాడు, ఆ తర్వాత పనికి వెళ్ళాడు.

కాబట్టి నీ పెద్దల దగ్గరికి తల ఎత్తుకుని వెళ్ళు. మర్యాదగా మాట్లాడు, ఎదురు చెప్పకు, కానీ భయపడకు. సినిమాలో దేవుడు లేడనేవాడు సినిమా సరిగ్గా చూడలేదు, గుళ్ళో తప్ప ఎక్కడా లేడనేవాడు గుళ్ళో సరిగ్గా వినలేదు. పిల్లలకి చూపించు. చూపిస్తే మాత్రం చివరిదాకా చూపించు, ఇంటర్వెల్‌లో ఆపి పంపించకు.

అన్నయ్యా? ఆయన పోయింది ఈ గదిలోనేగా. అదిగో, నువ్వు కూర్చున్నచోటే మంచం ఉండేది. అప్పటికి ఆ హాలూ లేదు, కూల్చేశారు. చివర రెండు రోజులు మాట లేదు. నేను పక్కనే కూర్చున్నాను. రెండో రోజు సాయంత్రం కళ్ళు తెరిచి ఆ గోడ పైకి, కుడి మూలకి చూశాడు. రెప్ప వెయ్యట్లేదు. ఏమిటన్నయ్యా అన్నాను. 'రెండోది కూడా పడింది చెల్లీ. అటు మిషను తిరుగుతోందా?' అన్నాడు. నేనూ ఆ మూలకి చూశాను. నాకక్కడ వట్టి సున్నం గోడే కనపడింది. తిరుగుతోంది అన్నయ్యా, మార్చెయ్యి అన్నాను.

...

లే, లే. చీకటి పడకముందే వెళ్ళిరా. వెళ్తూ ఆ దీపం వేసి వెళ్ళు.