బొమ్మలోని ఆమె రవిక

ఆళ్లగడ్డ బస్సు నంద్యాల దాటగానే, జబీనా తాను చేసిన కొత్త యాప్ పేజీని దర్జీ పని చేసే చిన్నమ్మకు ఫోన్‌లో చూపించింది. కుట్టించుకునేవాళ్ల కొలతలు దాచిపెట్టే యాప్ అది. ఇంతవరకూ ఒక్కరూ దాన్ని తీసుకోలేదు.

"ఎట్లుంది చిన్నమ్మా?"

"చంకల కాడ ముడతలు పడినాయి."

"పేజీకి ముడతలేంది?"

"పేజీకి కాదు మే, ఈడ నగుతాండే ఆమె రవికకి. పాపం, చెయ్యి ఎత్తను కూడా కాదు."

"ఆమె నిజం మనిషి కాదు. కంప్యూటర్ గీసిన బొమ్మ."

"అయితే? ఊపిరాడద్దా?"

"అది ఇడ్సిపెట్టు. కింద రాసింది చదువు."

"మనిషి అవస్థ పడతాంటే చదువుకుంటా కూసుంటారా?"

చిన్నమ్మ సంచిలోంచి టేపు తీసి ఫోన్ మీద పరిచింది. ముందు సీటువాళ్లు తిరిగి చూశారు. జబీనాకు అక్కడే దిగిపోవాలనిపించింది.

"ఏం చేస్తాండావ్?"

"కొలత తీస్తాండా. దీంట్లో దాచల్లంటే యాడ నొక్కల్ల?"

జబీనా గబుక్కున వేలు పెట్టి చూపించింది. "ఈడ, ఈ పచ్చ బటన్."

చిన్నమ్మ నొక్కింది.

"ఎవురికి కుట్టేదని పేరు అడుగుతాంది. ఏం పేరు ఆమెది?"

"బొమ్మకి పేరేంది చిన్నమ్మా?"

"పేరు రాయకుండా నేను గుడ్డ కొయ్యను. యాప్ తీసేసేదా?"

"వద్దొద్దు! సుష్మ. ఆమె పేరు సుష్మ."

"అట్ల చెప్పు. శుక్రవారం వచ్చి తీసకపొమ్మను."