పాస్టర్ గారి విటమిన్ సీసా

హలో… ఆ, నేనేనండీ. ఇంకెవరు చేస్తారు, పరలోకం నుంచి వస్తుందా ఫోను?

…

మాట్లాడండి. ఈ పాట హోరులో సరిగ్గా వినపడట్లేదు.

… చెప్పుల దగ్గర నిలబడ్డాను, చర్చి గుమ్మం బయట. తలుపు కొడదామంటే మీరున్న గది సరిగ్గా వేదిక వెనకాలే. ఒక్క దెబ్బ కొడితే ముందు వరసంతా వింటుంది. పాస్టర్ గారు ఆరాధన మధ్యలో గడియ పెట్టుకుని కూర్చున్నారని తెలిస్తే సంఘానికి ఆరు నెలలు ఇంకో పని ఉండదు.

… ఏం చేస్తున్నారా? పాడుతున్నారు. ఆఖరి చరణం అయిపోయి మళ్ళీ మొదటికొచ్చారు, ఇది మూడోసారి. కీబోర్డు అమ్మాయి నా వంక చూసి వేళ్ళు విదిలించుకుంటోంది. మన సంఘపెద్ద ఉన్నాడే, లెక్కల మాస్టారు, ఆయన్ని ప్రార్థన చెయ్యమన్నాను. ఎప్పుడూ అరగంటకి తక్కువ చెయ్యడు కదా, ఇవాళ రెండు నిమిషాల్లో ఆమేన్ అనేశాడు. అవసరమైన రోజే ఆయనకీ దేవుడికీ మాటలు అయిపోయాయి.

… గుండె దడా?

… చేతులు కూడా వణుకుతున్నాయా?

… ఇది గుండెపోటు కాదండీ. అప్పుడు ఆస్పత్రికి పరిగెత్తినప్పుడూ ఇలాగే అనుకున్నాం, గుండెకేం కాలేదు, ఇది మనసులోని ఆందోళనేనని డాక్టరమ్మ చెప్పింది, గుర్తుందిగా. కుర్చీలో కూర్చోండి. పాదాలు నేలకి ఆనించండి. ఊపిరి మెల్లగా వదలండి… వదలండి అన్నాను, బిగబట్టమనలేదు… ఆ, అలా. ఇంకోసారి.

పొద్దున మాత్ర వేసుకున్నారా?

… వేసుకున్నారు కదా. మరి ఏమైంది? ఇందాకటి దాకా బాగానే ఉన్నారు.

… ఎవర్ని చూశారు?

… టైలర్ గారినా. మాత్రలు మానేశానని మీ చెవిలోనూ వేశాడా?

… అవును, కొత్త చొక్కా వేసుకుని మొదటి వరసలో కూర్చున్నాడు. దేవుడు చేసిన మేలు గురించి అందరి ముందూ సాక్ష్యం చెప్పడానికే. వాళ్ళావిడ గేటు దగ్గరే పట్టుకుంది నన్ను.

… ఏమందో చెప్పమంటారా? తట్టుకుంటారా?

… సరే, వినండి. పోయిన ఆదివారం మీరేమన్నారు? ఒక చేతిలో విశ్వాసం, ఇంకో చేతిలో మందుబిళ్ళ పట్టుకున్నవాడు రెండు పడవల మీద కాళ్ళు పెట్టినట్టే అన్నారు. ఆయన ఇంటికెళ్ళి, మనసు బాగోలేక రెండేళ్ళుగా వాడుతున్న మాత్రలన్నీ మురిక్కాలవలో పారబోశాడు. స్తోత్రం చెప్పి మరీ పారబోశాడట. నాలుగు రోజులుగా కునుకు లేదు. మొన్న ఎవరిదో పెళ్ళిగౌను ముక్కలు ముక్కలుగా కత్తిరించి ఆ గుట్ట మధ్యలో కూర్చుని ఏడ్చాడట. కత్తెరలన్నీ దాచేశానమ్మా అంది ఆవిడ. టైలరింట్లో కత్తెర దాచుకునే రోజొచ్చింది, చూడండి.

… ఏమండీ?

… ఏడవండి. ఏం కాదు. తలుపు ఎలాగూ వేసే ఉంది.

… లేదు, తిట్టడానికి చెయ్యలేదు. తిట్టేది ఉంది, అది ఇంటికెళ్ళాక. ఇప్పుడు ఒక్కటే అడుగుతాను. ఎనిమిది నెలలుగా విటమిన్ సీసాలో దాచుకుని రోజూ మీరు మింగుతున్నదీ అలాంటి మాత్రే కదా. ఆ ఆదివారం కూడా మింగే వెళ్ళారు. నీళ్ళు నేనే ఇచ్చాను. ఆ నోటితోనే ఆ మాట ఎలా వచ్చిందండీ?

… ఊఁ.

… చప్పట్లు కొట్టారని?

… వాళ్ళు కొట్టే కొద్దీ మీరు ఇంకాస్త లాగారు. అదీ సంగతి. నాకు అప్పుడే అనుమానమొచ్చింది. గొంతు చించుకుంటుంటే, ఈయన తిడుతున్నది తననే అనుకున్నాను. మీ సిగ్గు మీరు పడాల్సింది పోయి అందరికీ తలా కాస్త పంచిపెట్టారు.

… కడుపునొప్పని చెప్పాలా? నేను చెప్పను. అబద్ధానికి మీకు ఆదివారమే దొరికిందా? వారంలో ఇంకా ఆరు రోజులున్నాయి.

… కిటికీలోంచా? ఆ బొజ్జతోనా? ఇరుక్కుంటే సంఘమంతా కలిసి లాగాలి మిమ్మల్ని.

… నవ్వారు. విన్నాను, నవ్వారు మీరు.

… సంఘంలోంచి పంపించేస్తే పంపించేస్తారు. నాకు బడి ఉద్యోగం ఉంది. మీరు అంట్లు తోమండి, ప్రసంగం కంటే అదే శుభ్రంగా చేస్తారు.

… దేవుడికి ముఖమెలా చూపిస్తానంటారేంటి? బైబిల్లో ఆ ప్రవక్త ప్రాణం విసిగి చెట్టు కింద పడిపోయి ఇక నన్ను తీసుకుపో ప్రభువా అన్నాడని ఏటా చెప్పేది మీరే కదా. దేవదూత వచ్చి ఏం చేశాడు? నీకు విశ్వాసం తక్కువైందని చివాట్లు పెట్టాడా? రొట్టె పెట్టాడు, నీళ్ళిచ్చాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. ఆ రొట్టె తినడం తప్పయితే మీ బైబిల్లోంచి ఆ పేజీ చింపి పారెయ్యండి.

… మీరు స్నానాల గదిలో నేలమీద కూలబడి ఇక లేవలేనన్న రోజు నేనేం చేశాను? ప్రార్థన చేశాను. ప్రార్థన చేసి ఆస్పత్రికి బండి పిలిచాను. దేవుడేమీ నొచ్చుకున్నట్టు కనపడలేదు.

… నాకూ భయమేనండీ. మిమ్మల్ని పోగొట్టుకుంటానేమోనని ఆ రోజు పట్టుకున్న భయం ఇంకా వదల్లేదు. ఇవాళ ఆ టైలర్ గారి భార్య ముఖంలో అదే భయం కనపడింది. అందుకే చేశాను ఫోను.

… ఆగండాగండి. పాట ఆగింది.

… మాస్టారు మైకు పట్టుకున్నాడు. సాక్ష్యం చెప్పమని పిలుస్తున్నాడండీ ఆయన్ని… లేచాడు. నడుస్తున్నాడు.

… వినండి. ఆయన అక్కడ నిలబడి, మాత్రలు పారేశాను స్తోత్రం అన్నాడనుకోండి, వీళ్ళంతా చప్పట్లు కొడతారు. చప్పట్లు పడ్డాక మనిషి వెనక్కి రావడం ఎంత కష్టమో మీకు తెలియనిదా? బయటికి రండి.

… ఇంతమంది ముందుకి రాలేరా?

… నిజంగానే రాలేరా?

… ఆ? ఏంటి? ఇంకోసారి చెప్పండి.

… ఫోన్లోనా?

… మైకు దగ్గర పెట్టమంటారా?

… అంతా చెప్తారా? సీసా సంగతీ, డాక్టరమ్మ సంగతీ? మధ్యలో ఉపమానాలెత్తుకుని చుట్టూ తిప్పరు కదా?

… ఇరవై ఏళ్ళ సేవలో మీకు వచ్చిన మంచి ఆలోచన ఇదొక్కటే. వస్తున్నా. పెట్టెయ్యకండి.

— జరగండమ్మా… కాస్త దారివ్వండి… ఆ, చెప్పులతోనే వచ్చేశాను, తర్వాత తిడుదురు గాని… మాస్టారూ, మీరలా కూర్చోండి.

టైలర్ అన్నయ్యా, ఒక్క నిమిషం. మీ సాక్ష్యం ఎక్కడికీ పోదు. ముందు పాస్టర్ గారిది వినండి.

… గదిలోనే ఉన్నారు. ఆయనకి బాగోలేదన్నయ్యా.

… అవును. మీకు ఎలా బాగోలేదో, సరిగ్గా అలాగే.

… ఇదిగో, ఈ ఫోను మీరే పట్టుకోండి. స్పీకర్ పెట్టాను. మైకుకి ఇంకాస్త దగ్గరగా… చెయ్యి వణుకుతోందా? వణకనివ్వండి. అవతల ఆయనదీ వణుకుతోంది.

— ఏమండీ, ఫోను ఇప్పుడు టైలర్ అన్నయ్య చేతిలో ఉంది. సంఘానికి కాదు, ఆయనకి చెప్పండి. మేము పక్కన కూర్చుని వింటాం.